వెన్నపూస వాక్యం – టీకా తాత్పర్య సహితం

మూలం

“ఒరేయ్ అబ్బాయ్! నేను చల్ల చిలికేలోగా ఆ దూడని అవతల కట్టేసి, పొట్లపిందెకి రాయి కట్టి, చేతులు కడుక్కుని రా. వెన్నపూస పెడతాను.”

అవతారిక

కోనసీమలో ఒక పెంకుటిల్లు. వెనక పెరడు, పెరట్లో నుయ్యి, నూతి పక్కన అరటిబోదెలు, పశువుల పాకలో ఒక పాడిగేదె, దాని దూడ, గడ్డిమేటు చుట్టూ తిరిగే నాలుగైదు కోళ్ళు, అవతల కొబ్బరిచెట్లు, ఆ వెనక పంటకాలవ. రంగస్థలం ఇంతే. పొద్దు పొడవడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. కవ్వం తాడు రెండు చేతులా పట్టుకున్న మామ్మ తల తిప్పకుండా పై వాక్యాన్ని ఇంట్లోకి విసిరింది. గ్రంథకర్త్రికి రాయడం రాదు. అందుచేత ఈ కృతి తాటాకులకెక్కలేదు, అచ్చుకూ పోలేదు. నోటిమాటగానే ఉండి, రోజూ తెల్లవారుజామున పునర్ముద్రణ పొందుతూ వచ్చింది.

పెద్ద కావ్యాలకు పెద్ద వ్యాఖ్యాతలున్నారు. కాళిదాసుకు సంజీవని రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారంవాడంటారు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ముందే మాటిచ్చి మొదలుపెట్టాడు. ఆయనకేం, కాళిదాసు చెప్పాల్సిందంతా చెప్పి పెట్టాడు. మా మూలకర్త్రి చెప్పినదానికన్నా మింగింది ఎక్కువ. కాబట్టి ఈ వ్యాఖ్యాత ఆ నియమంలో మొదటి సగం వదిలేసి, రెండో సగం వీలున్నంతమేరకు పాటిస్తాడు. ఇక పారితోషికం సంగతి. జూలూరి అప్పయ్య పండితుడి చేత మనుచరిత్రకు వ్యాఖ్యానం రాయించిన బ్రౌన్ దొర జీతమిచ్చి రాయించుకున్నాడు. ఈ వ్యాఖ్యకు ముట్టింది మూలంలోనే ఉంది.

టీక

ఒరేయ్ అబ్బాయ్ = ఓ అబ్బాయీ. ఏ అబ్బాయి? ఆ ఇంట్లో ఆ పిలుపుకు అర్హులు చాలామంది. యాభై దాటిన మా నాన్న మామ్మకు అబ్బాయే. బాబాయి అబ్బాయే, సెలవులకు దిగిన మనవలు అబ్బాయిలే, పాలేరూ అబ్బాయే. పేరు పెట్టి పిలవకపోవడం మతిమరుపు వల్ల కాదు, రాజనీతి వల్ల. పేరు పెడితే ఆ పేరుగలవాడొక్కడే దొరుకుతాడు. వాడు గురక నటిస్తే పని ఆగిపోతుంది. అబ్బాయ్ అంటే ముందు ఎవడు కదిలితే వాడు. దుప్పటి కింద ఊపిరి బిగబట్టడం తెలిసినవాళ్ళు ఈ సంబోధనను దాటేస్తారు. తెలియనివాడు వ్యాఖ్యాత అవుతాడు.

నేను చల్ల చిలికేలోగా = నేను పెరుగు చిలికి వెన్న తీసే లోపల. ఇది కాలవాచకం. ‘ఎంతసేపట్లో’ అని అడిగితే శాస్త్రం గడియలు, విఘడియలు చెబుతుంది. మామ్మ గడియారం కవ్వం. ఈ గడియారం ఋతువును బట్టి నడుస్తుంది. చలికాలం పెరుగు బిగుసుకుని ఉంటుంది, వెన్న ఒక పట్టాన విడివడదు, చెంబుడు గోరువెచ్చని నీళ్ళు పోయాలి. వేసవిలో దానికి ఎదురు కష్టం. ఎండ ఎక్కిందంటే వెన్న పూసగా కూడదు, జారిపోతుంది. కుండలో చల్లబడ్డ నీళ్ళు పోసి, పొద్దు రాకముందే ముగించాలి. కనుక ‘చిలికేలోగా’ అనే గడువు పుష్యమాసంలో దండిగానూ, వైశాఖంలో కోతగానూ ఉంటుంది. సెలవులు వచ్చేది వైశాఖంలోనే కావడం వ్యాఖ్యాత జాతకం.

ఆ పెరుగు ఎక్కడిది అన్నది ఇక్కడ చెప్పుకోవాలి. ముందురోజు పాలు దాలిలో, పిడకల సెగ మీద, పొద్దస్తమానం మంట లేకుండా కాగుతాయి. మీగడ దళసరిగా, ఎర్రటి చాయలో కడుతుంది. రాత్రి తోడు వేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు. దాన్ని కవ్వం కింద పెట్టాక మొదట చప్పుడు బొంగురుగా ఉంటుంది, నురగ పొంగుతుంది, తాడు లాగడానికి భుజం కావాలి. కొంతసేపటికి చప్పుడు తేలిపోతుంది, కవ్వం తేలిగ్గా తిరుగుతుంది, దాని రెక్కలకు తెల్లటి రవ్వలు అంటుకుంటాయి. మామ్మ అప్పుడు కుండలోకి చూసేది కాదు. చెవితోనే తెలుసుకునేది. పెరట్లో ఉన్న అబ్బాయికీ ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. గడువు దగ్గరపడిందని వేరే కబురు అక్కర్లేదు.

ఇంకొక్క మాట. తెలుగులో ‘నేను’ లేకపోయినా క్రియ నడుస్తుంది. గ్రంథకర్త్రి మొత్తం వాక్యంలో ‘నేను’ అని చెప్పుకున్నది ఇక్కడొక్కచోటే. దీని సంగతి అధ్యాహారంలో చూద్దాం.

ఆ దూడని = ప్రసిద్ధమైన ఆ దూడను. ఇంట్లో ఉన్నది ఒకటే దూడ అయినప్పుడు ‘ఆ’ ఎందుకు? పూర్వచరిత్రను స్ఫురింపజేయడానికి. అంతకు ముందు దండెం మీది పంచెను నమిలిన దూడ అని, బీరపాదు మొదట్లో తొక్కిన దూడ అని, ఆ ఒక్క అక్షరంలో కథ అంతా ఉంది.

అవతల కట్టేసి = తల్లికి, పందిరికి, దండేనికి, మూడింటికీ అందనంత దూరంలో కట్టి. ఇక్కడ పూర్వపక్షం: పసిదాన్ని తల్లి నుంచి విడదీయడం పాపం కాదా? సమాధానం: దూడకు రావలసింది ముందే వచ్చింది. పితకబోయే ముందు దూడను వదిలితేనే గేదె చేపుతుంది. దూడ నాలుగు గుటకలు వేశాక పక్కకు లాగి పితుకుతారు. అప్పుడు కూడా ఒక చన్ను దానికి వదిలేయడం మామ్మ ఆచారం. ఆ తర్వాత కూడా దగ్గరే ఉంచితే సాయంత్రం దుత్తలోకి రావలసిన పాలు కూడా దూడ కడుపులోకే పోతాయి. మన్ను తింటే కడుపులో నట్టలు పడతాయని దాని మూతికి చిక్కం కూడా ఉండేది. ఇన్ని కట్టుబాట్ల మధ్య కూడా అది తోక ఎగరేసి పెరడంతా నాలుగు కాళ్ళ మీద ఎగిరేది.

కట్టడం అన్నారు గాని ఏ ముడి వేయాలో మూలం చెప్పలేదు. ఇది గురుముఖతః నేర్వవలసిన భాగం. పలుపు రెండు చివరలకూ రెండు ధర్మాలు. మెడ దగ్గర జారుముడి వేయకూడదు, దూడ గుంజుకున్నకొద్దీ ఉరి బిగుస్తుంది. అక్కడ కదలని ముడే వేయాలి, రెండు వేళ్ళు దూరేంత వదులుంచాలి. గుంజ దగ్గర దీనికి తలకిందులు. అక్కడ ఒక్క లాగుకు ఊడే ముడి కావాలి. పాకకు నిప్పంటుకున్నా, దూడ కాలికి తాడు చుట్టుకున్నా ముడి విప్పుతూ కూర్చునే తీరుబడి ఉండదు. ఈ రెండు ముళ్ళూ తారుమారు చేసినవాడికి మామ్మ మళ్ళీ మొదటినుంచీ పాఠం చెప్పేది. వెన్నకు ముందే.

పొట్లపిందెకి రాయి కట్టి = పొట్లకాయ పిందె కొసకు బరువు కట్టి. వ్యాఖ్యాతకు ఈ కావ్యంలో అత్యంత ఇష్టమైన ఘట్టమిది, పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

పొట్లపువ్వు చీకటి పడ్డాక విచ్చుతుంది. తెల్లగా, అంచులు పీచుపీచుగా విడి, పోగులు విడదీసిన పట్టుదారంలా ఉంటుంది. పిందె పడ్డాక దానికి తిన్నగా దిగాలన్న బుద్ధి ఉండదు. వంకర్లు తిరిగి, పందిరి కర్రను చుట్టుకుని, పాములా ముడుచుకుపోతుంది. అందుకని జానెడు ఉన్నప్పుడే కొసకు అరటినారతో చిన్న బరువు వేలాడదీస్తారు. ఇక అది నిటారుగా మనిషి నడుముదాకా దిగుతుంది. ఈమధ్య పొట్టి రకాలు వచ్చాయి. వాటికి రాయీ అక్కర్లేదు, వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

ఇక్కడ పెద్ద చిక్కు. ‘రాయి’ అంది గ్రంథకర్త్రి. కోనసీమ ఒండ్రుమట్టి. గోదావరి తెచ్చి పోసిన నేల. గునపం వేసి తవ్వినా రాయి తగలదు. గోదావరిని కట్టడానికి కాటన్ దొరకు ధవళేశ్వరం కొండరాయి దొరికింది, 1852 నాటికి ఆనకట్ట లేచింది. ఆ కాలవ నీళ్ళే మా పెరటి వెనక పారుతున్నాయి. కానీ మా పొట్లపిందెకు కట్టడానికి గులకరాయి కూడా లేదు. మరి ఆ పదానికి గతి ఏమిటి?

ముఖ్యార్థం కుదరనప్పుడు లక్షణ చేత అర్థం చెప్పుకోవాలని ఆలంకారికులు నిర్ణయించారు. గంగ మీద గొల్లపల్లె అంటే నీళ్ళ మీద కాదు, ఒడ్డున అని వాళ్ళ ఉదాహరణ. అలాగే ఇక్కడ రాయి అంటే రాయి కాదు, బరువు. ఆ బరువు ఏది? ఇటుకముక్క అని ఒక మతం. ఇది బాబాయిది. ఈ మతాన్ని వర్షం ఖండించింది. ఇటుక నీళ్ళు తాగుతుంది. సాయంత్రం సరిపోయిన బరువు రాత్రి వాన కురిసేసరికి పెరుగుతుంది. తెల్లారి చూస్తే పిందె తొడిమ దగ్గర తెగి కింద పడి ఉంటుంది. చేటంత ముక్క కట్టిన రోజున వాన లేకపోయినా అంతే. మరీ చిన్నది కడితే పిందె దాన్నీ వెంటబెట్టుకుని వంకర తిరుగుతుంది. మామ్మ సిద్ధాంతం: పగిలిన ఆవకాయ జాడీ పెంకు. నీళ్ళు తాగదు, చిన్నదైనా బరువు, అంచుకు నార పట్టుకుంటుంది. ఒక జాడీ పగిలితే రెండు మూడేళ్ళ పొట్లపాదులకు సరిపడా రాళ్ళు. జాడీ పగలగొట్టిన కోడలిని ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా ఏమీ అనకపోవడానికి ఇదొక కారణం.

వంకర పొట్లకాయకు రుచి తగ్గుతుందా అని అడిగినవాళ్ళున్నారు. తగ్గదు. పెసరపప్పు వేసి వండితే తిన్ననిదో వంకరదో నాలుక చెప్పలేదు. కానీ సంతలో వంకరకాయను పక్కకు తోసేస్తారు, కత్తిపీట మీద దాన్ని తిప్పలేక చేయి నొప్పెడుతుంది. ఒక అనుబంధ విధి: పొట్లకాయ వండిన పూట కోడిగుడ్డు వండకూడదు. ఎందుకని అడిగితే మామ్మ దగ్గర జవాబు లేదు. వేదవాక్కుకు కారణం అడగరు.

చేతులు కడుక్కుని = స్పష్టం. ఎక్కడ కడుక్కోవాలన్నదే అస్పష్టం. నూతి గట్టు మీద కాదు, అరటిబోదె మొదట్లో. ఆ ఇంట్లో నీళ్ళు ఒకసారే వాడి వదిలేసే అలవాటు లేదు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి, అంట్లు తోమిన నీళ్ళు అరటికి, స్నానం నీళ్ళు బోదెకాలవ గుండా కందపాదుకు. చేతులు కడుక్కోమన్న మాటలో అరటికి నీళ్ళు పెట్టమన్న మాట దాగి ఉంది. దీన్ని శ్లేష అందామని వ్యాఖ్యాతకు ఉబలాటం.

రా = విచ్చేయుము. సులభం.

వెన్నపూస పెడతాను = తాజా వెన్న నీ చేతిలో పెడతాను. ఈ వాక్యం మీద మా ఇంట్లో మూడు మతాలు పుట్టాయి. మొదటిది కూలివాదం: పనికి ప్రతిఫలం అని. అలాగైతే ముడి తప్పు వేసిన రోజున వెన్న ఎగ్గొట్టాలి. ఎగ్గొట్టలేదు. కనుక అది కుదరదు. రెండోది లంచవాదం. లంచం చెవిలో చెబుతారు. ఇది కాలవ అవతలి రేవులో బట్టలుతికేవాళ్ళకు కూడా వినపడింది. మూడోది ప్రసాదవాదం: చేయి చాచినవాడికల్లా అందేది అని. కొంత నిజమే. దుప్పట్లోంచి ఎండెక్కాక లేచినవాళ్ళకు కూడా చద్దన్నంలో వెన్న పడేది. కానీ వాళ్ళకు అందిన వెన్న వేరు.

భేదం ఇది. కవ్వం రెక్కల నుంచి అప్పుడే చేత్తో లాగిన పూస. గేదె వెన్న కనుక తెల్లగా ఉంటుంది, ఆవు వెన్నకుండే పసుపు చాయ దీనికి లేదు. చల్ల చుక్కలు ఇంకా అంటుకునే ఉంటాయి. అరచేతిలో పడగానే ముందు చల్లగా తగులుతుంది, తర్వాత అంచులు కరగడం మొదలుపెడతాయి. తినడానికి వ్యవధి తక్కువ. నాలుక మీద తీపి కాదు, పూర్తిగా పులుపూ కాదు, చివర్న కొంచెం పాలవాసన. ఒక ఉప్పుకల్లు దొరికితే ఇంకా మంచిది. ఉట్టి మీదికి చేరిన వెన్నకు ఇందులో ఒక్కటీ ఉండదు. అది నేతికి, పోపుకు, అతిథికి. కాబట్టి సిద్ధాంతం: వెన్న అందరిదీ, ‘అప్పుడే’ అన్నది మాత్రం లేచి వచ్చినవాడిది.

అధ్యాహారం

మూలంలో లేకపోయినా అన్వయానికి తెచ్చుకోవలసిన మాటలను అధ్యాహారం అంటారు. గ్రంథకర్త్రి ‘నేను చల్ల చిలికేలోగా’ అన్నప్పుడు ఆమె ఒక్క పనిలో ఉన్నట్టు వినపడుతుంది. ఆ మాట పలికేసరికి జరిగి ఉన్నవి ఇవి: పొయ్యిలో బూడిద ఎత్తడం, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడం, ముగ్గు, పాకలో పేడ తీసి పెంటకుప్పకు చేర్చడం, గేదెకు తవుడు కలిపిన కుడితి, పాలు పితకడం, కోళ్ళగూడు తలుపు తీయడం, గంప కింద పొదిగే పెట్టకు నూకలు వేసి గోడ మీద ఇంకో బొగ్గుగీత గీయడం. గీతలు 21 అయితే పిల్లలు. ఇవన్నీ అయ్యాక నులకమంచాల వైపు వచ్చిన మాట, ‘ఒరేయ్ అబ్బాయ్’.

అబ్బాయికి అప్పగించినవి మూడు పనులు. వాటికి వెన్న. తనవి ఎన్నో లెక్కకు కూడా రాలేదు, వాటికి ఏమీ లేదు. దీన్ని త్యాగమని, మాతృమూర్తి అని పొగిడే వ్యాఖ్యాతలు ఉంటారు. అలాంటి మాట మామ్మ ముందు అంటే కవ్వం తాడు చేతికిచ్చి ‘కాసేపు నువ్వు లాగు’ అనేది. ఇది అనుభవంతో రాస్తున్న వాక్యం. వ్యాఖ్యాత అభిప్రాయమైతే ఇది: ఇంట్లో మగపిల్లలకు ఇంకా పది పనులు చెప్పాల్సింది, చెప్పలేదు. మూలంలో లోపమంటూ ఉంటే ఇదొక్కటే.

రసాలంకారాలు

స్వభావోక్తి. ‘కట్టడం’ రెండుసార్లు వచ్చినా పునరుక్తి దోషం లేదు. ఒకటి తిరిగేదాన్ని ఆపడం, ఒకటి వంకరపోయేదాన్ని దింపడం. రసం వెన్నలో.

పాఠాంతరాలు

తెలంగాణ ప్రతుల్లో ‘సల్ల’ అని పాఠం. అక్కడి నేలలో రాళ్ళకు కొదవ లేదు కనుక లక్షణ పనిలేకుండా రాయి రాయే అవుతుంది, వ్యాఖ్యాతలకు బరువు తగ్గుతుంది.

‘మిక్సీ వేసేలోగా’ అని ఒక నవీన పాఠం పట్నాల్లో చలామణిలో ఉంది. పదిరోజులు ఫ్రిజ్‌లో పోగేసిన మీగడను గిన్నెలో వేసి మీట నొక్కితే నిమిషాల్లో వెన్న తేలుతుంది. వెన్న మంచిదే, తప్పు పట్టడానికి లేదు. అయితే ఆ గడువులో దూడను కట్టి రావడం ఎవరి తరమూ కాదు. దూడ లేదు కనుక ఇబ్బంది రాలేదు. ఆ చప్పుడుకు మాత్రం దుప్పట్లోవాళ్ళందరూ లేచి కూర్చుంటారు. ఈ ఒక్క గుణం మామ్మ చూసి ఉంటే మిక్సీని ఆమోదించి ఉండేది.

‘పాకెట్టు పాలు తెచ్చేలోగా’ అన్నది ప్రక్షిప్తం. అందులో వెన్నపూస చరణం లేదు.

తాత్పర్యము

ఓ అబ్బాయీ, త్వరగా రా.

ఫలశ్రుతి

ఈ వాక్యాన్ని పొద్దున్నే విన్నవారు దుప్పటి తీసి లేస్తే చాలు, పారాయణ అక్కర్లేదు. వ్యాఖ్యానం చదివి పెరట్లోకి వెళ్ళేవారికి ఒక మనవి: పొట్లకాయను లేతగా, ఆకుపచ్చ చారలు ఉండగానే కోసేయండి. నారింజరంగు తిరిగిందంటే చేదెక్కుతుంది, కూరకు పనికిరాదు, విత్తనానికే. కోసేటప్పుడు జాడీ పెంకు విప్పి పందిరి కర్రకు తగిలించి ఉంచండి. పైన ఇంకో పిందె ఉంటుంది.